కాళ్ళు కదలకపోయినా కొండ మీద నుంచి...

మంచు మీద జారే ఆటను స్కీయింగ్ అంటారు. టీవీలో చూసే ఉంటారు. కాళ్ళకు పొడవాటి పలకలు బిగించుకుని, చేతుల్లో రెండు కర్రలు పట్టుకుని కొండ మీద నుంచి రివ్వున దిగిపోతారు. మన ఊళ్ళలో ఎండలే గాని మంచెక్కడిది, దాని సంగతి మనకెందుకు అంటారా? నడుం కింద కదలికే లేని ఆడవాళ్ళు ఆ ఆటలో పతకాలు గెలుచుకున్నారంటే మీరు కూడా ముక్కున వేలేసుకుంటారు. కాస్త ఓపిగ్గా చదవండి మరి.

అమెరికాలోని ఐడహో రాష్ట్రంలో సన్ వ్యాలీ అనే మంచుకొండల ఊరుంది. అక్కడ పెరిగిన మఫీ డేవిస్‌కు చిన్నప్పటి నుంచి స్కీయింగే లోకం. ఒలింపిక్స్‌కి వెళ్ళాలని కల. ఆమెతో పాటు ఆ కొండల మీదే పెరిగిన పికబో స్ట్రీట్ 1998 నగానో ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలుచుకుంది కూడా. మఫీ దారి మాత్రం 1989 ఫిబ్రవరిలో మారిపోయింది. అప్పుడామెకి పదహారేళ్ళు. సాధన చేస్తూ వేగం మీద అదుపు తప్పి చెట్లల్లోకి దూసుకుపోయింది. వెన్నెముక దెబ్బతింది. ఛాతీ మధ్య నుంచి కిందికి చచ్చుబడిపోయింది.

ఇలాంటిది మన ఇంట్లో జరిగితే ఏం చేస్తామో మనకి తెలుసు. ముందుగదిలో మంచం వేస్తాం. నీళ్ళ గ్లాసు కూడా ఎత్తుకోనివ్వం. ప్రేమే, కాదనను. కానీ ఆ ప్రేమలోనే మనిషి సగం కుంగిపోతుందేమో ఆలోచించండి. పడిపోతుందేమోనని మనం భయపడుతున్నామే, ఈ ఆటలో మొదటి పాఠమే పడటం!

కాళ్ళు కదలని వాళ్ళకోసం ఉండే స్కీని మోనోస్కీ అంటారు. కింద ఒకే ఒక పలక. దాని మీద స్ప్రింగు ఉన్న చట్రం. ఆ పైన తొట్టిలాంటి సీటు. అందులో కూర్చుని పట్టీలతో గట్టిగా బిగించుకోవాలి. ఆ సీటు జాకెట్టు కుట్టించుకున్నంత కొలతగా ఉండాలి. వదులైతే మనిషి ఒకవైపు వంగితే పలక ఇంకోవైపు పోతుంది. చేతుల్లో మామూలు కర్రలు కాదు, ముంజేతికి పట్టీ ఉండే ఊతకర్రలు. వాటి చివర కూడా చిన్న చిన్న స్కీ ముక్కలుంటాయి. నిలదొక్కుకోవడానికీ, మలుపు తిరగడానికీ అవే ఆధారం. కడుపు కండరాలు కూడా పనిచేయని వాళ్ళు తలతో, భుజాలతో, చేతులతోనే అంతా చేసుకోవాలి.

మొదట చదును నేల మీద కూర్చుని నిలకడ నేర్చుకుంటారు. తర్వాత పక్కకు పడటం. ఆ తర్వాత లేవడం. పలకను వాలుకి అడ్డంగా తిప్పుకుని, ఊతకర్రను మంచులో ఆనించి, చేతి బలంతో లేవాలి. చెప్పినంత తేలిక కాదు, మొదటి రోజంతా దీనికే సరిపోతుంది. ఒకప్పుడు బాగా ఆడినవాళ్ళకు ఇదింకా కష్టం. గాలిలా వెళ్ళిన కొండ మీదే ఓనమాలు దిద్దాలి కదా!

కొండ పైకి చేరడం ఇంకో పరీక్ష. మన విశాఖ కైలాసగిరి రోప్‌వే లాగే తీగకు వేలాడే బెంచీలుంటాయి. మోనోస్కీ సీటుని కాస్త పైకి లేపుకుని, బెంచీ వెనకనుంచి వచ్చే క్షణానికి సరిగ్గా దాని మీదికి జారాలి. కొత్తవాళ్ళకోసం దాన్ని నెమ్మది చేస్తారు. పక్కన సాయం పట్టే మనిషి ఉంటారు. ఇంకా ఎక్కువ ఆధారం కావలసిన వాళ్ళకు రెండు పలకల బై-స్కీ ఉంది. గురువు వెనక నుంచి పగ్గాల్లా తాళ్ళు పట్టుకుని అదుపు చేస్తారు. ఒక కాలు పోయిన వాళ్ళు ఒంటికాలి మీద నిలబడి, రెండు చేతికర్రలతో జారతారు. 1970లో హాల్ ఒలియరీ అనే శిక్షకుడు కొలరాడోలోని వింటర్ పార్క్‌లో అలాంటి పిల్లలకు నేర్పడం మొదలుపెట్టాడు. వాళ్ళంతా డెన్వర్ పిల్లల ఆసుపత్రి నుంచి వచ్చినవాళ్ళు.

ఇంట్లో ఇలాంటివాళ్ళు ఉంటే ఈ ముక్క జాగ్రత్తగా చదవండి. స్పర్శ లేని కాళ్ళకు చలీ తెలియదు, నొప్పీ తెలియదు. మంచుకి వేళ్ళు కొరుక్కుపోయినా తెలియదు. అందుకని మధ్యమధ్యలో లోపలికి వెళ్ళి మేజోళ్ళు విప్పి కాళ్ళు చూసుకుంటారు. కూర్చునే చోట బట్ట ముడతపడకూడదు. లావాటి కుట్టు ఉండకూడదు. వెనక జేబు ఉండకూడదు. అక్కడ ఒత్తిడి పడి పుండు లేస్తే మానడానికి నెలలు పట్టవచ్చు. ఇది మంచుకొండలకే కాదు, మన ఇంటి మంచానికీ వర్తిస్తుంది. దుప్పటి ముడతలు సరిచేయడం, కుర్చీలో ఉన్న మనిషి పావుగంటకో అరగంటకో బరువు అటూ ఇటూ మార్చుకోవడం, రోజుకోసారి అద్దం పట్టుకుని పిరుదులూ మడమలూ చూసుకోవడం తప్పనిసరి. కాళ్ళు చల్లగా ఉన్నాయని వేడినీళ్ళ సంచి మాత్రం పెట్టకండి. బొబ్బలెక్కినా వాళ్ళకి తెలియదు.

ఖర్చు సంగతి చెప్పకపోతే మీరు ఊరుకోరు. మోనోస్కీ కొనాలంటే వేల డాలర్లు. అందుకే నేర్పే కేంద్రాల్లోనే వాటిని ఇస్తారు. శిక్షకులకు తోడుగా స్వచ్ఛందంగా వచ్చే వాళ్ళుంటారు. గృహిణులు కూడా ఆ పనికి వెళ్ళవచ్చు. మయూరి సినిమా చూసి సుధాచంద్రన్ కృత్రిమ పాదంతో నాట్యం చేస్తే కళ్ళు తుడుచుకున్నాం మనం. పాదం తయారుచేసిన చేతుల్నీ, పట్టుకుని నడిపించిన చేతుల్నీ మాత్రం అంతగా తలచుకోం.

ఇక మఫీ ఏమైందంటారా? మధ్యలో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో చదువు ముగించింది. మోనోస్కీ మీద మళ్ళీ పోటీలకు దిగి, 1998 నగానో పారాలింపిక్స్‌లో కాంస్యం తెచ్చుకుంది. 2002లో సాల్ట్ లేక్ సిటీలో మూడు రజతాలు. అక్కడే నాలుగు స్వర్ణాలు గెలుచుకున్న సారా విల్ కూడా 1988లో స్కీయింగ్ చేస్తూ వెన్ను దెబ్బతిన్న మనిషే. ఆ పోటీల జ్యోతిని వెలిగించింది మఫీ, క్రిస్ వాడెల్ అనే ఇంకో మోనోస్కీ వీరుడు కలిసి.

అంతటితో మంచు ఆటకు సెలవు పెట్టింది. తర్వాత ఓ బిడ్డకు తల్లయింది. ఈసారి చేతులతో తొక్కే సైకిల్ పట్టింది. పెడల్స్ చేతులకందేలా ముందుంటాయి, మనిషి వెనక్కి వాలి కూర్చుని తొక్కుతుంది. 2012 లండన్ పారాలింపిక్స్‌లో ఆ సైకిల్ మీద మూడు స్వర్ణాలు గెలుచుకుంది. అప్పటికామెకి ముప్ఫై తొమ్మిదేళ్ళు.