పాత కంప్యూటరుతో మాట్లాడటం ఎలా?

సోలాపూర్ దాజీ పేట్ నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరంతో ఇవాళ్టి ప్రసంగం మొదలుపెడతాను. పేరు చెప్పవద్దన్నారు కనుక చెప్పను. ఉత్తరంలో ముఖ్యమైన మాటలు మాత్రం చదువుతాను.

"అన్నా, మా బాపు జకార్డు చద్దర్లకు డిజైన్లు గీసేటోడు. ఒక బడిల పాత సామాను అమ్ముతుంటే ఒక కంప్యూటర్ కొనుక్కొచ్చిండు. గ్రాఫు కాయితం మీది గళ్ళన్నీ అండ్ల ఎక్కించి క్యాసెట్ల మీద దాచిండు. బాపు పోయి నాలుగేండ్లయింది. కాయితాలు చెదలు తిన్నయి. క్యాసెట్లు తొమ్మిది ఉన్నయి. కంప్యూటర్ నడుస్తది గానీ దానికి పెన్‌డ్రైవ్ పెట్టే జాగా లేదు. లోపలున్నది బయటికి ఎట్ల తీయాలె?"

ఉత్తరం చదివాక నేనే వాళ్ళింటికి వెళ్ళాను. ముందు గదిలో మగ్గం చప్పుడు, వెనక గదిలో బీరువా మీద పాత చద్దరు కప్పి ఉన్న యంత్రం. చద్దరు తీసి చూస్తే బీబీసీ మైక్రో. పేరు వినగానే రేడియో వాళ్ళకు చుట్టమనిపిస్తుంది, నిజంగా చుట్టమే. బ్రిటన్‌లో బీబీసీ సంస్థ జనానికి కంప్యూటర్ నేర్పాలని పూనుకుంటే, ఏకార్న్ అనే కంపెనీ 1981లో ఈ యంత్రాన్ని తయారుచేసింది. మన దేశంలో 1984-85లో 'క్లాస్' అనే పేరుతో బడుల్లో కంప్యూటర్ చదువు మొదలుపెట్టినప్పుడు కేంద్ర ప్రభుత్వం ఎంచుకున్నది కూడా దీన్నే. జ్ఞాపకశక్తి మొత్తం 32 కిలోబైట్లు. ఇవాళ చేతిలో ఫోను తీసే ఒక్క ఫొటో కూడా అందులో పట్టదు.

అయితే దీని వెనక భాగంలో ఒక చిన్న గుండ్రని సాకెట్ ఉంది, అయిదు రంధ్రాలతో. ఆర్ఎస్ 423 అంటారు. ఆ యంత్రానికి బయటి ప్రపంచంతో మాట్లాడే నోరు అదే. దాన్ని వాడుకునే ప్రోగ్రాము పేరు టెర్మినల్ సాఫ్ట్‌వేర్.

టెర్మినల్ అంటే పెద్ద విషయమేమీ కాదండీ. తీగ మీద వచ్చిన అక్షరాన్ని తెర మీద చూపించాలి, మనం నొక్కిన అక్షరాన్ని తీగ మీదికి పంపించాలి. ఈ రెండు పనులే తిప్పి తిప్పి చేస్తుంటుంది. ఇక్కడ టెర్మినల్ పని ముందు కొత్త కంప్యూటరుకు అప్పజెప్పాం. పాతది చెబుతుంటే కొత్తది విని రాసుకుంటుందన్నమాట.

తీగ మీద అక్షరం ఎలా నడుస్తుందో దాజీ పేట్ వాళ్ళకు చెప్పడం తేలిక. జకార్డు అట్ట మీ అందరికీ తెలుసు. 1804లో ఫ్రాన్సులో జకార్డ్ అనే ఆయన తెచ్చిన ఉపాయం అది. చిల్లు ఉన్నచోట సూది లోపలికి వెళ్ళి పడుగు పోగు పైకి లేస్తుంది, చిల్లు లేనిచోట లేవదు. కంప్యూటర్ అక్షరం కూడా అలాంటి ఎనిమిది స్థానాల అట్టే, చిల్లు ఉందా లేదా అన్నదే లెక్క. తేడా ఎక్కడంటే, మగ్గం మీద అట్టలోని చిల్లులన్నిటినీ సూదులు ఒక్క దెబ్బకు చదివేస్తాయి. సీరియల్ తీగలో అలా కుదరదు. పంపడానికి ఉన్నది ఒకే పోగు. ఎనిమిది చిల్లులూ ఒకదాని వెనక ఒకటి ఆ పోగు మీదే నడవాలి.

అందుకని అటువైపు వినేవాడికి నాలుగు సంగతులు ముందే తెలియాలి. ఎంత వేగంతో వస్తున్నాయి? ఒక్కో అక్షరానికి ఎన్ని చిల్లులు? సరిచూసుకోవడానికి అదనంగా ఒక చిల్లు పెడుతున్నామా? అక్షరం అయిపోయిందని చెప్పే విరామం ఎంత? ఈ నాలుగింటినే బాడ్ రేటు, డేటా బిట్లు, పారిటీ, స్టాప్ బిట్ అంటారు. రెండు వైపులా ఒకే మాట ఉండాలి. ఒకడు సెకనుకు 9600 లెక్కన పంపుతుంటే రెండోవాడు 1200 లెక్కన వింటే తెర మీద పిచ్చిగీతలే కనబడతాయి. యంత్రం పాడైందని చాలామంది అక్కడే వదిలేస్తారు, కానీ పాడవ్వదు. మా పనికి పెట్టుకున్నవి ఇవి: 9600, 8, పారిటీ లేదు, స్టాప్ బిట్ 1.

వేగం గురించి ఒక చిన్న లెక్క. మొదలయ్యే గుర్తు ఒకటి, చిల్లులు ఎనిమిది, ముగిసే గుర్తు ఒకటి, వెరసి అక్షరానికి పది. అంటే 9600 మీద సెకనుకు 960 అక్షరాలు. ఇరవై వేల అక్షరాల డిజైను 21 సెకన్లలో దిగిపోతుంది. అదే 300 మీద పెడితే పదకొండు నిమిషాలు కూర్చోవాలి.

ఇక పని. దయచేసి కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకోండి, నెమ్మదిగానే చెబుతాను.

అన్నిటికంటే ముందు, ఏళ్ళ తరబడి మూలపడ్డ యంత్రానికి ఒక్కసారిగా కరెంటు ఇవ్వకండి. బీబీసీ మైక్రో పవర్ సప్లైలో ఫిల్టర్ కెపాసిటర్లు ఉంటాయి. వయసు మీదపడి వాటి పైపొర పగుళ్ళు వారుతుంది, కరెంటు తగలగానే ఘాటైన పొగ కక్కుతాయి. రేడియో, టీవీ బాగుచేసే మెకానిక్ చేత వాటిని మార్పించండి, ఖర్చు స్వల్పమే. పవర్ సప్లై డబ్బాను మాత్రం మీరుగా విప్పవద్దు, ప్లగ్గు తీసేసినా లోపల కరెంటు నిలవ ఉండవచ్చు.

తర్వాత తీగ. పాత యంత్రంలో డేటా బయటికి వచ్చే తీగను కొత్త కంప్యూటర్ సీరియల్ ప్లగ్గులో వినే పిన్నుకు, అంటే తొమ్మిది పిన్నుల ప్లగ్గులో 2వ దానికి కలపాలి. పాతదానిలో డేటా లోపలికి వెళ్ళే తీగను 3వ పిన్నుకు, మధ్యనున్న భూమి తీగను 5వ పిన్నుకు కలపాలి. ఒకరి నోరు ఇంకొకరి చెవికి ఎదురుగా ఉండాలి కదా, అదే సూత్రం. ఇక పాత యంత్రం వైపు మిగిలిన రెండు తీగలు, ఆర్‌టీఎస్, సీటీఎస్ అనేవి, ఒకదానికొకటి ముడివేయండి. ఎదుటివాడు 'పంపు' అని సైగ చేస్తే తప్ప బీబీసీ నోరు విప్పదు. ముడివేస్తే తన సైగ తానే చూసుకుని మాట్లాడుతుంది.

ఇవాళ్టి కంప్యూటర్లకు సీరియల్ సాకెట్ ఉండదు కాబట్టి యూఎస్‌బీ నుంచి సీరియల్‌కు మార్చే తీగ కొనాలి. కొనేటప్పుడు ఆర్ఎస్ 232 అని గట్టిగా అడగండి. టీటీఎల్ అనే చిన్న పలకలు చవకగా దొరుకుతాయి, అవి దీనికి పనికిరావు. పాత యంత్రం తీగ మీద వోల్టేజి సున్నాకు పైకీ కిందికీ ఊగుతుంది, ఆ పలక తట్టుకోలేదు.

నేను చేసిన పొరపాటు కూడా చెప్పాలి. ఆ గుండ్రని సాకెట్లోకి ప్లగ్గు తలకిందులుగా కూడా దూరిపోతుంది! గంటన్నరసేపు వేగాలు మార్చాను, తీగలు మళ్ళీ అతికాను, కొత్త కంప్యూటరును తిట్టుకున్నాను. చివరికి ఆ సోదరి కొడుకు, ఎనిమిదో తరగతి పిల్లవాడు, "మామా, తిప్పి పెట్టి చూస్తే?" అన్నాడు. తిప్పి పెట్టాను, పలికింది.

కొత్త కంప్యూటర్లో టెర్మినల్ ప్రోగ్రాము ఏదైనా ఫరవాలేదు. విండోస్ 95 నుంచి ఎక్స్‌పీ దాకా హైపర్‌టెర్మినల్ అనేది దానితోపాటే వచ్చేది, విస్టా నుంచి తీసేశారు. ఇప్పుడు టెరా టెర్మ్, పుట్టీ ఉచితంగా దొరుకుతాయి. లైనక్స్ వాళ్ళకు మినీకామ్ ఉంది. అందులో నేను చెప్పిన నాలుగు అంకెలూ పెట్టి, ఫ్లో కంట్రోల్ లేదని చెప్పి, వచ్చినదంతా ఫైలులో రాసుకొమ్మని లాగ్ తెరవండి.

పాత యంత్రం దగ్గర ముందు క్యాసెట్ చదివించాలి. ఈ వరుస మార్చకండి. ఎందుకంటే బీబీసీలో క్యాసెట్టుకూ సీరియల్ తీగకూ లోపల పనిచేసే చిప్పు ఒకటే, ఒకేసారి రెండు పనులూ చేయలేదు. లోడ్ అని టైపు చేసి, పక్కనే రెండు కొటేషన్ గుర్తులు పెట్టి, రిటర్న్ నొక్కి, టేపు నడపండి. చదవడం పూర్తయ్యాక రాయవలసినవి ఇవి. నక్షత్రం గుర్తు, ఎఫ్, ఎక్స్, 8, కామా, 7, రిటర్న్. ఇది పంపే వేగాన్ని 9600 చేస్తుంది. మళ్ళీ నక్షత్రం, ఎఫ్, ఎక్స్, 3, కామా, 1, రిటర్న్. ఇక్కడినుంచి తెర మీదికి వెళ్ళే ప్రతి అక్షరం తీగ మీదికి కూడా వెళుతుంది. ఇప్పుడు లిస్ట్ అని కొట్టండి. అంతా దిగాక నక్షత్రం, ఎఫ్, ఎక్స్, 3, కామా, 0 అంటే తీగ మూసుకుంటుంది.

మొదటి డిజైను దిగుతుంటే ఆ సోదరి తెర ముందు నిలబడి ఉన్నారు. వరుసలు వరుసలుగా అంకెలు. మధ్యలో ఒక వరుస రాగానే, "ఇది నెమలిది" అన్నారు. అక్కడ బాపు పేరు పెట్టి ఉందండీ, 'నెమలి పెద్దది, రెండోసారి సరిచేసినది' అని ఇంగ్లీషు అక్షరాల్లో. ఆ కాలంలో యంత్రానికి తెలుగు లిపి రాదు. మన లిపులను తెర మీదికి తెచ్చే పని ఆ రోజుల్లోనే పుణెలో సీ-డాక్ వాళ్ళు జిస్ట్ అనే పేరుతో చేస్తున్నా, బడి నుంచి వచ్చిన ఈ యంత్రానికి అది అందలేదు.

ఫైలు తెరిస్తే వరుసకూ వరుసకూ మధ్య ఖాళీ వరుస కనబడవచ్చు. కంగారుపడకండి. బీబీసీ వరుస చివర 'కిందికి దిగు' అనే గుర్తు ముందు, 'మొదటికి రా' అనే గుర్తు తర్వాత పంపుతుంది. విండోస్ అలవాటు దీనికి తిరగబడి ఉంటుంది. ఏ ఎడిటర్‌లోనైనా సరిచేసుకోవచ్చు.

ఇలా లిస్ట్ కొట్టి పంపడంలో ఒక లోపం ఉంది. దారిలో ఒక అక్షరం చెడితే ఎవరూ చెప్పరు. పోగు తెగినా మగ్గం ఆగకుండా నడిచినట్టు. డిజైనులో ఒక్క అంకె మారితే బట్ట మీద ఎలా కనబడుతుందో నేను మీకు చెప్పనక్కరలేదు. అందుకే ప్రతి డిజైనునూ రెండుసార్లు దించి, రెండు ఫైళ్ళనూ కంప్యూటర్ చేతే పోల్పించాం. ఇంతకంటే పద్ధతైన దారి కెర్మిట్. 1981లో అమెరికాలో కొలంబియా విశ్వవిద్యాలయం వాళ్ళు తయారుచేశారు, పేరు మాత్రం టీవీ బొమ్మలాటలోని ఒక కప్పది. అది ఫైలును చిన్న మూటలుగా కట్టి, ప్రతి మూటకూ లెక్క రాసి పంపుతుంది. లెక్క తప్పితే అవతలివాడు 'మళ్ళీ పంపు' అంటాడు. బీబీసీకి కూడా కెర్మిట్ ఉంది. ఫైళ్ళు ఎక్కువగా ఉన్నవాళ్ళు ఆ శ్రమ పడటం మంచిది.

పని అయ్యాక పిల్లవాడు పాత యంత్రాన్నే టెర్మినల్ చేయమని పట్టుబట్టాడు. చేయవచ్చు. ఏకార్న్‌సాఫ్ట్ వారి టెర్ములేటర్ అనే చిప్పు అందుకే ఉండేది. 1978లో వచ్చిన వీటీ 100 అనే టెర్మినల్‌లా నటిస్తుంది. వరుసకు 80 అక్షరాలు కావాలంటే మోడ్ 3 పెట్టాలి. దానికే 16 కిలోబైట్లు పోతాయి, అంటే ఉన్నదానిలో సగం. మోడ్ 7 అయితే ఒక్క కిలోబైటే, కానీ 40 అక్షరాలకే వరుస విరుగుతుంది. ఒక జాగ్రత్త. పంపేటప్పుడు 9600 బాగానే ఉంటుంది. వినేటప్పుడు ఈ మూడు తీగలతో అంత వేగం వద్దు. వచ్చినవాటిని తాత్కాలికంగా దాచుకునే గంప 256 అక్షరాలది. అది నిండుతోందని సైగ చేసే తీగను మనం ముడివేసేశాం కదా. అందువల్ల నక్షత్రం, ఎఫ్, ఎక్స్, 7, కామా, 4 పెట్టి 1200 మీద వినండి, అవతలి వైపు కూడా అంతే పెట్టండి. పంపే వేగానికి 8, కామా, 4.

తొమ్మిది క్యాసెట్లలో ఎనిమిది దిగాయి. ఏడో క్యాసెట్ సగంలో 'డేటా' అని ప్రశ్నార్థకం చూపించి ఆగింది. అలా ఆగితే ఎస్కేప్ నొక్కకండి, అప్పటిదాకా చదివింది కూడా పోతుంది. క్యాసెట్ మీద సమాచారం కూడా 256 అక్షరాల ముక్కలుగా, ప్రతి ముక్కకూ లెక్కతోనే ఉంటుంది. టేపును కొంచెం వెనక్కి తిప్పి, శబ్దం కాస్త పెంచో తగ్గించో మళ్ళీ నడిపితే, చెడిన ముక్క దగ్గరినుంచి అదే అందుకుంటుంది. మేము అలా అయిదుసార్లు తిప్పితే మూడు ముక్కలు దాటింది, నాలుగోది దాటలేదు. టేపు రికార్డరు తల కొంచెం పక్కకు వాలినా ఇలాగే జరుగుతుంది. వచ్చే ఆదివారం ఇంకో రికార్డరు తీసుకుని వెళుతున్నాను. ఆ క్యాసెట్ మీద పెన్సిలుతో రాసి ఉన్నది 'పెండ్లి చద్దరు' అని.