మీకు తెలుసా? కోపం వచ్చిన కణానికి తామర మందు!

మన ఒంట్లో కొన్ని తిండిపోతు కణాలున్నాయి. పేరు మాక్రోఫేజ్‌లు. సూక్ష్మజీవి కనబడితే చాలు, అమాంతం మింగేస్తాయి! కణాలు ఇలా మింగుతాయని శాస్త్రవేత్త మెచ్నికాఫ్ పసిగట్టింది ఎక్కడో తెలుసా? మనిషిలో కాదు, నక్షత్రచేప పిల్లలో! 1882లో!

వీటికి కోపమొస్తే ఓ వాయువు వదులుతాయి. నైట్రిక్ ఆక్సైడ్! గురి శత్రువు మీదే. కానీ శ్రుతి మించిందా, వాపూ నొప్పీ మనకే! తమాషా ఏంటంటే, రక్తనాళాలను సడలించేదీ ఇదే వాయువు. ఆ సంగతి తేల్చిన ముగ్గురికి 1998లో నోబెల్ వచ్చింది!

ఇంకో రహస్యం. వాపు తగ్గించే మూలిక ఏదైనా సరే, చాలా ల్యాబుల్లో తొలి పరీక్ష ఒకే రకం కణాల మీద! పేరు ‘రా 264.7’. ఒకే ఒక్క ఎలుక కణితిలోంచి వచ్చాయి. 1978 నుంచీ లోకానికి తెలుసు. ఎలుక ఎప్పుడో పోయింది. కణాలు మాత్రం ఇంకా పెరుగుతూనే ఉన్నాయి!

ఆ కణాలను రెచ్చగొట్టేదెలా? బాక్టీరియా పైపొర ముక్క కాస్త వేస్తారు. చాలా ప్రయోగాల్లో మిల్లీలీటరుకు 1 మైక్రోగ్రామే. అంటే గ్రాములో పది లక్షల వంతు! అంతమాత్రానికే కణాలు భగ్గుమంటాయి!

కోపం ఎంతో కొలవాలిగా? రంగు చూస్తారు! కణాలు పెరిగిన ద్రవంలో ఓ రసాయనం కలిపితే గులాబీ రంగు వస్తుంది. ముదురు గులాబీ అయితే నైట్రిక్ ఆక్సైడ్ ఎక్కువ, అంటే కోపం ఎక్కువ. మూలిక పనిచేస్తే రంగు పాలిపోతుంది! ఈ పరీక్ష 1879 నాటిది. కనిపెట్టిన పీటర్ గ్రీస్ ఉద్యోగం ఎక్కడో చెప్పుకోండి. బీరు తయారీ కంపెనీలో!

ఇక ఆ కోపాన్ని తగ్గించే తామర సంగతి. ఆకులో న్యూసిఫెరిన్ ఉంది. గింజ నడుమ పచ్చటి మొలకలో నెఫెరిన్ ఉంది. ఆ మొలక చేదు. అందుకే గింజ తినేవాళ్లు దాన్ని తీసి పారేస్తారు. అసలు సరుకేమో అందులోనే! కణంలో వాపును రగిలించే స్విచ్ ఒకటుంది. పేరు ఎన్‌ఎఫ్-కప్పా-బి. నెఫెరిన్ దాన్నే అణుస్తుంది! ఆ స్విచ్‌ను 1986లో బయటపెట్టిన ఇద్దరిలో ఒకరు మన రంజన్ సేన్! (ఇదంతా గాజు పళ్లెంలో ముచ్చట. మనిషి ఒంట్లో లెక్క వేరు!)

మెదడుకూ సొంత కాపలా కణాలున్నాయి. మైక్రోగ్లియా! చిత్తడి నేలల్లో పాకే నీటి బ్రహ్మి వాటినీ శాంతింపజేసిందని 2017లో ఓ అధ్యయనం వచ్చింది. ఖరీదైన సారమే అక్కర్లేదు. టీలా కాచిన నీళ్లు కూడా పనిచేశాయి!

ఎవరైనా గలగలా మాట్లాడితే ‘చిన్నప్పుడు వస పోశారా?’ అంటాం కదా! ఆ వస కూడా నీటి ఒడ్డు మొక్కే. దాని ఆకు సారం చర్మకణాల్లో వాపు సంకేతాలను తగ్గించింది. అయినా అమెరికాలో 1968 నుంచీ తిండిలో వస కలపడం నిషేధం! కారణం అందులోని అసరోన్ అనే రసాయనం. ఎలుకల్లో అది కణితులు పుట్టించింది!

నీటి మొక్కలకు ఇంకో గుణమూ ఉంది. గుర్రపుడెక్కను చూసి విసుక్కుంటాం కదా! 1970ల్లో నాసా దానితోనే మురుగునీళ్లు శుభ్రం చేయించింది! నీళ్లలోని లోహాలను లాగేసుకుంటుంది మరి. నీటి బ్రహ్మికీ అదే గుణం. కాడ్మియం కలిసిన నీళ్లలో పెరిగిందా, ఆ కాడ్మియాన్నీ ఒంట్లో దాచేసుకుంటుంది!