ఫోను బతుకుతుంది సరే... లోపలివో?

మిక్సీ జార్‌లో బుష్ అరిగితే మార్పిస్తాం. గ్రైండర్ బెల్టు తెగితే కొత్తది వేయిస్తాం. పప్పు ఎప్పట్లాగే నలుగుతుంది. స్మార్ట్‌ఫోన్‌కి "చిప్ మార్చాలి" అన్నప్పుడు మాత్రం అలా తలూపేసి వచ్చేయకండి. ఏ చిప్పో అడగండి.

మా అత్తగారి ఫోను మొన్న వేసవిలో కంపెనీ పేరు చూపించి ఆరిపోవడం, మళ్లీ వెలగడం మొదలుపెట్టింది. రెండ్రోజులకి అదీ లేదు. "స్టోరేజీ చిప్ పోయిందాంటీ. మారిస్తే కొత్తదానిలా పనిచేస్తుంది" అన్నాడు మా వీధి చివర షాపబ్బాయి. ఆవిడ ముఖం విప్పారింది. పోయినేడు కాలం చేసిన మా మామగారు మనవలకి చెప్పిన కథలన్నీ ఆ ఫోన్లోనే ఉన్నాయి మరి! "అవన్నీ వస్తాయా నాయనా?" అనడిగారు. "అవి రావు మామ్మగారూ, చిప్పే మారుస్తున్నాం కదా!" అడగబట్టి చెప్పాడు గానీ, లేకపోతే అదీ లేదు.

ఫొటోలు, మాటలు, ఫోను నడిచే సాఫ్ట్‌వేరు, అన్నీ ఉండేది గోరంత నల్లముక్కలోనే. తోషిబాలో ఇంజనీరు ఫుజియో మసుఓకా 1980లలో కనిపెట్టిన ఫ్లాష్ మెమరీ అది. చెరిపి రాసిన ప్రతిసారీ కాస్త అరుగుతుంది. మన చిన్ననాటి పలకే నయం!

మార్చేటప్పుడు చూడాలి ఆ పనితనం. వేడిగాలి కొట్టి, జిగురు మెత్తబడ్డాక చిప్‌ని పట్టకారుతో ఎత్తుతారు. కొత్తదాని అడుగున ఆవగింజకన్నా చిన్న సోల్డరు గుళికలు, ఒక రకానికైతే 153, జల్లెడలాంటి రేకు సాయంతో కూరుస్తారు. వేడి ఎక్కువైతే పక్కనున్న ప్రాసెసర్ కూడా పోతుంది. ఆపైన కంప్యూటర్‌తో సాఫ్ట్‌వేరు ఎక్కిస్తారు.

ఒకప్పుడు ఊడదీసిన చిప్‌ని రీడర్‌లో పెట్టి ఫొటోలు తీసేవారు. 2019లో వచ్చిన ఆండ్రాయిడ్ 10తో తయారై వచ్చిన ఫోన్లలోనూ, ఆ తర్వాతి వాటిలోనూ లోపలిదంతా తాళంలోనే ఉంటుంది. తాళంచెవి ప్రాసెసర్‌తో ముడిపడి ఉంటుంది. చిప్ ఒక్కదాన్నీ పట్టుకెళ్తే ఎవరూ ఏమీ చదవలేరు.

అందుకే ముందు పాత చిప్‌నే, అదే బోర్డు మీద, వేడిచేసి చూడమనాలి. చిప్ బాగానే ఉండి గుళికలు మాత్రం విడిపోతే, కాసేపైనా ప్రాణం లేచొస్తుంది. ఈ మాట మాకు చెప్పింది హైదరాబాద్ ఆబిడ్స్‌లో జగదీశ్ మార్కెట్ మెకానిక్. ఆయన వేడిచేశాక ఫోను పావుగంట వెలిగింది. పిన్ నంబరు మా అత్తగారికి గుర్తుండబట్టి సరిపోయింది. ఏడు కథలు బయటికొచ్చాయి. ఎనిమిదోది, రాజుగారి ఏనుగు కథ, సగంలో ఆగిపోయింది. మిగతావి పోయినట్టే. ఆ ఏడూ ఇప్పుడు మా నలుగురి ఫోన్లలోనూ ఉన్నాయి.

తర్వాతే కొత్త చిప్ వేయించాం. డబ్బులిచ్చే ముందు ఇంకొకటి చూసుకోండి. స్టార్, హాష్, 06, హాష్ నొక్కితే ఐఎంఈఐ నంబరు కనిపిస్తుంది. చాలా ఫోన్లలో అదీ స్టోరేజీ చిప్‌లోనే ఉంటుంది కాబట్టి చిప్‌తోపాటే పోతుంది. మెకానిక్ పాత నంబరునే మళ్లీ ఎక్కించాలి. వేరే నంబరు వేయడం 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం ప్రకారం నేరం, మూడేళ్ల దాకా జైలు. ఫోను కొన్నప్పటి అట్టపెట్టె మీద ఆ నంబరుంటుంది. మా అత్తగారు దాన్ని బొత్తాల డబ్బాగా వాడుతున్నారు కాబట్టి దొరికింది!