నిప్పును దాచుకొన్న జమ్మి

మనవారు పూజించు చెట్లలో రావికి గలగలలాడు ఆకుల సొంపు కలదు. మఱ్ఱికి ఊడల విస్తారము కలదు. మారేడుకు శివుని ప్రాపు కలదు. జమ్మికి చూచుటకు అట్టి వైభవమేదియు లేదు. సన్నని ఆకులు, పగుళ్లు వారిన బెరడు, కొమ్మనిండ ముండ్లు; చేనిగట్టుననో, పొలిమేరలోనో, ఒక్కొక్కచోట శ్మశానపు దాపుననో ఒంటరిగా నిలిచియుండును. ఏడాది పొడుగునను దాని వంక చూచువారుండరు. విజయదశమినాటి సాయంకాలమున మాత్రము ఊరెల్ల దాని చుట్టు చేరును. ఈ బీదచెట్టునకు అంతటి గౌరవమెట్లు కలిగెను?

ప్రాచీనుల దృష్టిలో జమ్మి దాచుకొను చెట్టు. అది మొదట దాచుకొన్నది నిప్పును. శతపథబ్రాహ్మణమందలి కథలో ఊర్వశిని ఎడబాసిన పురూరవునకు గంధర్వులు ఒక పాత్రలో అగ్నినుంచి ఇచ్చిరి. అతడు దానిని అడవిలో విడిచి, కుమారుని మాత్రము వెంటబెట్టుకొని ఊరికి పోయెను. తిరిగివచ్చి చూడగా అగ్ని రావిచెట్టుగను, పాత్ర జమ్మిచెట్టుగను మారియుండెను. మహాభారతమున, ఆనుశాసనికపర్వములో, అగ్నియే పారిపోయి చెట్లలో దాగును. దేవతలు వెదకుచు తిరుగగా అతడు జమ్మిలో నున్నాడని చిలుక బయటపెట్టినది. అగ్ని దాని మాట పడిపోవునట్లు శపించెను. దేవతలు జాలిపడి పసిపాప పలుకువంటి తీయని అస్పష్టపు పలుకును దానికి మిగిల్చిరి. చిలుక పలుకులకు ఇంత ముచ్చటైన కారణము మరియొకచోట దొరకదు.

ఇవి వట్టి కథలు కావు. యాగమునకు నిప్పు పుట్టించు అరణిని జమ్మిపై మొలచిన రావి కొయ్యతో చేయవలెనని శ్రౌతవిధి. క్రింద నొక దిమ్మ, దాని గుంటలో నిలుపు కవ్వము, కవ్వమును త్రిప్పు త్రాడు, రాలిన నిప్పురవ్వను అందుకొను పీచు: ఇంతియే సామగ్రి. రావిలో నిప్పు పుట్టుటకు దానిని మోసిన జమ్మియే కారణమని ఋత్విజులు నమ్మిరి. కాళిదాసు ఈ భావమును రెండుమారులు వాడుకొన్నాడు. రఘువంశమున గర్భిణియైన సుదక్షిణను, శాకుంతలమున గర్భిణియైన శకుంతలను, లోపల నిప్పు గల జమ్మితో పోల్చెను. జమ్మికట్టెను పొయ్యిలో పెట్టి ఎరిగినవారికి ఈ పోలిక దూరముగా తోపదు. నిలకడగా, మంచి వేడితో మండు కట్టె అది.

నిప్పు తరువాత అది దాచుకొన్నవి ఆయుధములు. విరాటుని కొలువునకు పోవుచు పాండవులు తమ విండ్లను, కత్తులను కట్టగట్టి శ్మశానము చెంతనున్న జమ్మిపై నుంచిరి. దానితోపాటు ఒక శవమును వ్రేలాడగట్టిరి. చూచిన పశులకాపరులకు, ఆ శవము నూట ఎనుబదియేండ్ల తమ తల్లిదనియు, చెట్టునకు కట్టుట తమ కులాచారమనియు చెప్పిరి. ఏడాదిపాటు ఎవరును ఆ చెట్టు చాయలకు పోలేదు. ఇందు మంత్రములేదు, మాయలేదు. దుర్గంధమును, లోకుల భయమును కావలిగా నిలిపిన యుక్తి మాత్రమే కలదు. ఉత్తరగోగ్రహణమున బృహన్నల ఉత్తరుని చెట్టెక్కుమనగా, రాజకుమారుడనైన నేను శవమును ముట్టుదునా యని అతడు వెనుదీయును. కట్టు విప్పిన పిదప అతనికి కనబడినది గాండీవపు మెరుపు.

దసరానాటి శమీపూజకు చాలమంది చెప్పు కారణము ఈ కథయే. మధ్యాహ్నము తిరిగిన పిదప పొలిమేర దాటి, ఊరికి ఈశాన్యముననున్న జమ్మిని చేరుట సంప్రదాయము, దీనినే సీమోల్లంఘనమందురు. పూర్వము రాజులకిది దండయాత్రకు తొలి అడుగు. మైసూరు దసరా ఊరేగింపు నేటికిని బన్నిమంటపముననే ముగియును. బన్ని యనగా కన్నడమున జమ్మి. తెలుగునాట చీటీపై శ్లోకమును, దాని క్రింద ఇంటివారి పేర్లను వ్రాసి కొమ్మకు గ్రుచ్చుదురు. ఆ పేర్లుగలవారికి ఏడాదిలో అపజయముండదని నమ్మకము. తెచ్చిన ఆకును కొందరు డబ్బుపెట్టెలోను, కొందరు పుస్తకములలోను దాచుదురు. శనిగ్రహశాంతికి హోమమందు వేయు సమిధ జమ్మియే. వినాయకచవితినాటి ఇరువదియొక్క పత్రులలో నిదియు నొకటి.

తెలంగాణమున ఆ ఆకు పేరే మారిపోవును, అది బంగారము. పాలపిట్టను చూచి, జమ్మిని కొలిచి, ఆకు తెచ్చి పెద్దల చేతిలో పెట్టి కాళ్లకు మ్రొక్కుదురు. సాటివారు ఆకులు మార్చుకొని ఆలింగనము చేసికొందురు. ఏడాదిగా మాటలులేని దాయాదులు సైతము ఆ సాయంకాలము ఆకు చేతబట్టి ఎదురుపడవలసివచ్చును. జమ్మి చేయు మహిమలలో కంటికి కనబడునది ఇదియొక్కటి.

ఆకు బంగారమగుటకు రఘుమహారాజు కథ చెప్పుదురు. గురుదక్షిణకై కౌత్సుడు పదునాలుగుకోట్లు అడుగగా, రఘువు కుబేరునిపై దండెత్త నిశ్చయించెను. తెల్లవారునప్పటికి బంగారు వాన కురిసెను. కాళిదాసు ఆ వానను రాజుగారి కోశాగారములో కురిపించెను. జనులు దానిని చెట్టుమీదికి తెచ్చుకొన్నారు. జనుల కూర్పే మేలైనది. కోశాగారమునకు తాళముండును, చెట్టునకు లేదు. మహారాష్ట్రమున బంగారమని పంచుకొను ఆకు మాత్రము జమ్మిది కాదు, ఆరెచెట్టు జాతికి చెందినది.

బంగారమను పేరు మాటవరుసకు పుట్టినది కాదని తెలియవలెనన్న రాజస్థానపు ఎడారికి పోవలెను. అక్కడ దాని పేరు ఖేజ్రీ. ఎండుటాకు ఒంటెలకు, మేకలకు మేత; లేతకాయ సాంగ్రీ యను కూర. వేరు నీటిని వెదకుచు లోలోతులకు పోవును గనుక దాని నీడన సజ్జ బాగుగా పండును. 1868-69 నాటి కరవులో దాని బెరడును పొడిచేసి పిండిలో కలుపుకొని తిని జనులు ప్రాణములు నిలుపుకొనిరి. 1730లో జోధపురపు రాజుగారి కోటపనికి సున్నపుబట్టీల కట్టె కావలసి, భటులు ఖేజర్లీ గ్రామమున గొడ్డళ్లతో దిగిరి. అమృతాదేవియను బిష్ణోయీ స్త్రీ చెట్టును కౌగిలించుకొని నిలిచి తల ఇచ్చెను. ఆమె కుమార్తెలును, చుట్టుప్రక్కల ఊళ్ల వారును ఆమె వెంట నడచిరి. మొత్తము 363 మంది నేలకొరిగిన పిదప గాని గొడ్డళ్లు ఆగలేదు. ఆ చెట్టును 1983లో రాజస్థానము తన రాష్ట్రవృక్షముగా చేసికొన్నది. ఆ బిష్ణోయీల సంతతివారే, బికనేరు ప్రాంతమున సౌరవిద్యుత్కేంద్రములకై ఖేజ్రీలను కొట్టివేయుటపై ఈ మధ్య ఆందోళనకు దిగిరి.

తెలంగాణమునకును 2014 నుండి రాష్ట్రవృక్షము జమ్మియే. అయినను ఇక్కడ దానికి ఆపద పూజతోనే వచ్చుచున్నది. పట్టణములలో పొలిమేర లేదు, జమ్మియు లేదు. ఎక్కడనుండియో నరికి తెచ్చిన కొమ్మను గుడిముందర పాతి, ఆ కొమ్మనే ప్రదక్షిణించి, గంట తిరుగకముందే ఆకుపోవ దూసివేయుదురు. ఎడారి రైతు కూడ మేతకై కొమ్మలు కొట్టును. కాని అతడు ముదిరిన చెట్టును ఎంచుకొని, తగిన ఋతువున, చిగుర్చునట్లు కొట్టును. దసరానాటి చేతులకు ఆ విచక్షణ లేదు. అందిన లేతకొమ్మను విరుచును, ఒక్కొక్కప్పుడు మొక్కనే పెరుకును. మిగిలిన గట్లు ట్రాక్టరు తిరుగుటకు అడ్డమని తొలగిపోవుచున్నవి.

ఇది చాలక ఆకును పోల్చుకొనలేని పొరపాటు ఒకటి. చెరువుకట్టలను ఆక్రమించిన సర్కారు తుమ్మకును సన్నని ఆకులు, ముండ్లు కలవు. అది అమెరికాఖండమునుండి పందొమ్మిదవ శతాబ్దిలో తెచ్చి నాటిన మొక్క. శాస్త్రజ్ఞులు చాలకాలము రెండింటిని ఒకే ప్రజాతిలో ఉంచి 2022లో వేరుచేసిరి. పల్లెలో పశులకాపరి యెవడైనను వాటిని ఏనాడో వేరుచేసియుండెను. గల్ఫు దేశములకు కూలికి పోయిన తెలంగాణమువారికి మాత్రము అసలు జమ్మియే ఇసుకలో ఎదురగును. అరబ్బులు దానిని ఘాఫ్ అందురు. 2008లో అరబ్ ఎమిరేట్లు దానిని జాతీయవృక్షముగా ప్రకటించినవి.

ఊరూరికొక జమ్మి, గుడిగుడికొక జమ్మి నాటవలెనని 2021లో తెలంగాణమున పిలుపు వెలువడినది. విత్తనపు పెంకు గట్టిది. వేడినీట నానబెట్టినగాని సులభముగా మొలవదు. మొలచిన తరువాతను మొదటి ఏండ్లలో మట్టిపైన జానెడు, మూరెడు మొక్కయే కనబడును. నాటినవారు ఎదుగుట లేదని విసిగి నీరుపోయుట మానుదురు. ఆ కాలమంతయు అది క్రిందికి పెరుగుచుండును.