స్వల్పవ్యయముతో గృహాలంకారము: మన యింటికి మన రీతి

హైదరాబాదునకు ఈశాన్యమున, ఈసీఐఎల్ కూడలినుండి కీసరకు పోవు మార్గమున నాగారము కలదు. ఒకప్పుడు పొలములుగా నుండిన చోట్ల నేడు అపార్టుమెంటులు వరుసగా లేచినవి. వరంగల్లు, నల్లగొండ, సిద్దిపేట, కరీంనగరము మొదలగు ప్రాంతములనుండి యుద్యోగములకై, పిల్లల చదువులకై వచ్చిన కుటుంబము లనేకము వీనిలో కాపురముండుచున్నవి. రెండు పడకగదులు, ఒక హాలు, చిన్న వంటగది, బట్టలారవేయుటకు మూరెడు జాగా. ఏ యంతస్తునకు పోయినను ఇంతే. గోడలు తెలుపు, నేలబండలును తెలుపే. తలుపుమీది యంకె చూచుకొననిచో పొరుగింటి గంట మ్రోగించి నాలుక కరచుకొనవలసినదే.

ఇట్టి యింటిని మన యిల్లుగా చేసికొనుట యెట్లు? ఫర్నిచరు దుకాణమువారు దీనికి సులభమైన యుపాయము చెప్పుదురు. చేతిలోని ఫోనునందు నిత్యము కనబడు బొమ్మలును అదియే చెప్పును: పెద్ద సోఫా, గాజుబల్ల, గోడనిండ అద్దాలబీరువా, సొమ్ము లేకున్న నెలవారీ వాయిదాలు. 60,000 రూపాయల సోఫాను 24 నెలల వాయిదాలపై కొన్నచో, వడ్డీ మాట యటుంచినను, నెలకు 2,500 రూపాయలు చెల్లింపవలెను. ఉపాధ్యాయుని జీతముపై నడచు మావంటి యిండ్లలో అది యించుమించు నెల పాలఖర్చు. పిల్లల పాలు తగ్గించి కొన్న యాసనముపై కూర్చుండి అతిథికి కాఫీ యిచ్చునప్పుడు ఇల్లాలి మనస్సున నెమ్మది యుండునా? అంతయు చేసిన పిదప ఆ హాలు పొరుగువారి హాలువలెనే యుండును. అప్పు మాత్రము మన సొంతము.

అలంకారమనగానేమో మన పూర్వులు చక్కగా విచారించిరి. క్రీస్తుశకము 800 ప్రాంతమున కాశ్మీరమున నుండిన వామనుడు కావ్యమునకు రీతియే ఆత్మయని నిర్ణయించెను. రీతియనగా పదములను కూర్చు విశిష్టమైన పద్ధతి. పదకొండవ శతాబ్దమున క్షేమేంద్రుడు ఔచిత్యమును ప్రాణముగా చెప్పెను. తగినచోట నుంచనిచో నెంతటి యలంకారమైనను నగుబాటే యని యాతని యభిప్రాయము. ఈ రెండు మాటలును కావ్యమునకెంత నిజమో గృహమునకును అంత నిజము. వాత్స్యాయనుడు పేర్కొన్న చతుష్షష్టి కళలలో బియ్యముతోను పూలతోను ముగ్గులు తీర్చుట, పూలు పరచుట, శయ్యను రచించుట చేరియున్నవి. వీనిలో బియ్యము, పూవులు, వస్త్రము అందరికిని దొరకునవే. కూర్పునందే కళ యున్నది.

ఇందుకు దృష్టాంతము మన తెలంగాణమున ఏటేట కనబడుచునే యున్నది. 2014లో రాష్ట్రపు పండుగగా ప్రకటింపబడిన బతుకమ్మను చూడుడు. తంగేడు, గునుగు బీడునేలలలో తమంత తాము పూచు పూవులు. వానికి బంతియు చేమంతియు తోడగును. పళ్ళెరములో వలయములుగా పేర్చి, గునుగుకు రంగులద్ది, మీద పసుపు గౌరమ్మను నిలుపుదురు. వీధిలోని స్త్రీలందరి చేతను అవే పూవులుండును. ఐనను ఏ రెండు బతుకమ్మలును ఒక్కతీరున నుండవు. ఒకరిది సన్నగా నెత్తుగా నుండును, ఒకరిది గుండ్రముగా నిండుగా నుండును. దూరమునుండియే ఇది ఫలాని వారిదని చెప్పగలము. ఆ గుర్తును వారే యంగడిలోను కొనలేదు. ఏ వరుస తరువాత ఏ వరుస యని వారి చేయి యెరిగియున్నది. ఆ చేతికే యిల్లును అప్పగించినచో సగము పని యైనట్లే.

కాబట్టి క్రొత్తయింటిలో ప్రవేశించిన సోదరీమణులు మొదటి నెల యేమియు కొనకుందురుగాక. ఆ నెల చూచుటకు మాత్రమే. ఉదయపుటెండ యే కిటికీనుండి యెంతదూరము వచ్చుచున్నది? సాయంకాలము ఇంటివారు తమంత తామెచ్చట చేరుచున్నారు? నడుచునప్పుడు మోకాలికి తగులు వస్తువేది? వానిని గమనించినచో ఏది యెచ్చట నుండవలెనో ఇల్లే చెప్పును. పిమ్మట మీ చీరలపెట్టెను తెరచి చూడుడు. పదియేండ్లుగా మీరు మరల మరల కోరి తెచ్చుకొన్న రంగులు రెండో మూడో అందుండును. అవియే మీ వన్నెలు. తెరలకు, దిండుగలీబులకు వానినే వాడవలెను. ఎవరి బొమ్మలోనో చూచిన బూడిదరంగు మీ పెట్టెలో నొక్కసారియు చోటు సంపాదింపనిచో, మీ గోడపై దానికేమి పని?

ఐతే యిల్లు ఇల్లాలిదొక్కతెదే కాదు. ఊరినుండి వచ్చిన అత్తగారికి కిటికీచెంత మంచము కావలెను. పిల్లవానికి చదువుకొను బల్ల కావలెను. ఆమె వెంట తెచ్చుకొన్న ఇత్తడి గంగాళము పాతదని అటకపైకి త్రోయుట తగదు. ఆమెనడిగి, చింతపండుతో తోమి, గుమ్మముచెంత నీళ్ళుపోసి నాలుగు పూలు వేసినచో, ఆ యింటి చరిత్ర అతిథికి వాకిటనే తెలియును. అత్తగారికిని ఇది తన యిల్లను ధైర్యము కలుగును.

ఇక వ్యయక్రమము. మొదట వెలుగు. ఎల్‌ఈడీ దీపముల పెట్టెపై కెల్విన్ అను కొలత యుండును. 2,700 మొదలు 3,000 వరకు గలవి పసుపుచాయ వెలుగునిచ్చును. 6,500 గలవి తెల్లగా, కొంచెము నీలిచాయగా నుండును. చదువుబల్లకు తెల్లనివి, కూర్చుండు హాలునకు పసుపుచాయవి పెట్టినచో, కొద్ది ఖర్చుతో గది స్వరూపమే మారును.

రెండవది వస్త్రము. సుమారు అయిదున్నర మీటర్ల పాత నూలుచీరను నడుమకు కత్తిరించినచో 2.75 మీటర్ల తెరలు రెండగును. ఏడడుగుల ద్వారమునకు 2.1 మీటర్లు చాలును; మిగిలినది కడ్డీ దూర్చు మడతకును అంచునకును పోగా, దిండుగలీబులకు కూడ కొంత మిగులును. నేలపై పరచుటకు వరంగల్లు జంపఖానాయో, కురుమలు దక్కను గొఱ్ఱెల ఉన్నితో నేయు గొంగడియో మేలు. వరంగల్లు తివాచీలు 1851లో లండను మహాప్రదర్శనమునకు పోయినవి. మన హాలునకు చాలవా? పోచంపల్లి యిక్కతు గుడ్డ ఒక మీటరు కొన్నను పాత దివానుకు క్రొత్త కళ వచ్చును.

మూడవది కొయ్యసామాను. ఆదివారము ఎర్రగడ్డ సంతలోను, గురువారము జుమ్మేరాత్ బజారులోను వాడిన సామాను అమ్మకమునకు వచ్చును. బల్లను తలక్రిందులుచేసి చూడవలెను. కాళ్ళు కదలుచున్నను, రంధ్రములనుండి పిండివలె పొడి రాలుచున్నను ఎంత చౌకయైనను వలదు. గట్టి టేకైనచో గరుకుకాగితముతో రుద్ది, అవిసెనూనె పట్టించిన చాలును. అద్దెయింట మేకులకు యజమాని యొప్పుకొననిచో, పటములను గోడకు కొట్టక బల్లపై చేరవేసి నిలుపవచ్చును.

కడపట నొక మాట. జపానువారి యిండ్లలో తొకొనొమ యను గూడొకటి యుండును. అందొక చిత్రపటము, ఒక పుష్పరచన మాత్రమే యుంచి, ఋతువునకు తగినట్లు మార్చుచుందురు. చిన్నయింటికి ఇంతకన్న మంచి యుపాయము లేదు. హాలులో నొక్క మూలను ఎన్నుకొనుడు. ఉగాదికి మామిడికొమ్మ, దసరాకు బతుకమ్మ, సంక్రాంతికి తెల్లపొణికి కొయ్యతో చేసిన కొండపల్లి బొమ్మలు, మిగిలిన దినములలో ఎఱ్ఱని నేలపై వ్రాసిన చిన్న చేర్యాల చిత్రమొకటి, లేదా పిల్లవాడు గీసిన బొమ్మ. తక్కిన గోడలు ఖాళీగా నుండనిండు. ఖాళీస్థలము దారిద్ర్యమునకు గుర్తు కాదు. చిన్నయింట ఊపిరికి చోటు.

సోఫా లేదని చుట్టములు నవ్వుదురేమోయని కొందరి భయము. ఇంటివారందరు దినమెల్ల కూర్చుండునదైనచో సొమ్ము కూడబెట్టి మంచి సోఫాయే కొనవచ్చును, తప్పులేదు. చూపులకై కొన్నదే బరువు. వచ్చినవారికి శుభ్రమైన చాప, చల్లని నీరు, మన ముఖమున నెమ్మది కనబడినచో వారు పోవునప్పుడు ఇల్లు బాగున్నదనియే యందురు. ఆ నెమ్మది వాయిదాలపై దొరకదని సోదరీమణులు తలంతురుగాక.