నడిసముద్రంలో ఆపద వస్తే కోస్ట్ గార్డ్‌కు ఎలా తెలుస్తుంది?

బంగాళాఖాతంలో ఓడ మునిగిపోతోంది. సెల్‌ఫోన్ సిగ్నల్ లేదు. మరి కబురు చేరేదెలా?

పెద్ద ఓడల పైభాగంలో చిన్న బీకన్ బిగించి ఉంటుంది. ఓడ మునిగితే, నాలుగు మీటర్ల లోతు చేరేలోపే నీటి ఒత్తిడికి దాని పట్టు ఊడిపోతుంది. బీకన్ పైకి తేలి 406 మెగాహెర్ట్జ్‌లో సంకేతం పంపుతుంది. ఉపగ్రహాల ద్వారా అది బెంగళూరులోని ఇస్రో కేంద్రానికి, అక్కణ్నుంచి చెన్నైలోని కోస్ట్ గార్డ్ సహాయ కేంద్రానికి చేరుతుంది.

అసలు కష్టం ఇప్పుడే మొదలు. సంకేతం వచ్చిన చోటికి వెళ్లేసరికి మనుషులు అక్కడ ఉండరు! కప్పున్న తెప్ప గాలివాటుకు కొట్టుకుపోతుంది. లైఫ్ జాకెట్‌తో తేలే మనిషి ఎక్కువగా నీటి ప్రవాహంతో కదులుతాడు. అందుకే ఎవరు ఎటు పోయి ఉంటారో వేర్వేరుగా లెక్కకట్టి, వెతకాల్సిన ప్రాంతాన్ని మ్యాపుమీద గీస్తారు. గంట గడిచేకొద్దీ అది పెరుగుతూనే ఉంటుంది. డోర్నియర్ విమానం పొలంలో నాగలి చాళ్లలా వరుసలుగా తిరుగుతూ గాలిస్తుంది.

ముందు చేరేది కోస్ట్ గార్డ్ ఓడే కానక్కర్లేదు. దగ్గర్లోని సరుకు ఓడను దారి మళ్లించమని కోరతారు. ఆపదలో ఉన్నవాళ్లను, తన ఓడకు ముప్పు లేనంతవరకు, కాపాడాల్సిన బాధ్యత ఏ దేశపు కెప్టెన్‌కైనా ఉందంటుంది అంతర్జాతీయ చట్టం. ఎంత గొప్ప నియమం!

తీరం నుంచి ఎవరైనా సాయం కోరాలంటే కోస్ట్ గార్డ్ నంబరు 1554.