హిమగిరులకు అడుగులు.. సత్తువ చూసి, ఋతువు చూసి

తిరుపతి: సెలవులు దగ్గరపడితే చాలు.. హిమాలయాల్లో ట్రెక్కింగ్‌కు వెళ్లాలన్న ఆలోచన కళాశాల విద్యార్థుల నుంచి విశ్రాంత ఉద్యోగుల వరకు అందరినీ ఊరిస్తోంది. ఎవరో పెట్టిన ఫొటో చూడటం, అదే యాత్రకు డబ్బు కట్టేయడం, ఆ తర్వాత బూట్లు కొనుక్కోవడం.. చాలామంది విషయంలో వరుస ఇలాగే సాగుతోంది. నిజానికి ఇది తలకిందుల వరుస. సెలవు ఏ నెలలో దొరుకుతుంది, ఆ నెలలో ఏ లోయ అనుకూలంగా ఉంటుంది, అక్కడి ఎత్తును దేహం తట్టుకోగలదా అన్న మూడు ప్రశ్నలకు సమాధానం దొరికాకే యాత్ర పేరు ఖరారు చేసుకోవాలి.

ఇది అతి జాగ్రత్త ఏమీ కాదు. 2024 జూన్ మొదటి వారంలో ఉత్తరాఖండ్‌లోని సహస్రతాల్ మార్గంలో 22 మంది బృందం మంచుతుపానులో చిక్కుకుంది. వారిలో అత్యధికులు కర్ణాటక వాసులు. తొమ్మిది మంది ప్రాణాలు కోల్పోయారు. మైదాన ప్రాంతాలు వడగాడ్పులతో ఉడికిపోయే రోజులవి. నాలుగు వేల మీటర్లు దాటిన చోట వేసవి అన్న మాటకు మనకు తెలిసిన అర్థం వర్తించదు.

ఎత్తుతోనే అసలు చిక్కు

సముద్రమట్టానికి దగ్గరగా పుట్టి పెరిగిన మనకు ఎత్తు అంటే ఏమిటో అనుభవంలో లేదు. తిరుమల క్షేత్రం వెయ్యి మీటర్ల లోపే ఉంది. తూర్పు కనుమల్లో మన రాష్ట్రపు అత్యున్నత శిఖరం సైతం 1,700 మీటర్లు దాటదు. తొలిసారి వెళ్లేవారికి 'సులభం' అని చెప్పే కేదార్‌కంఠ శిఖరం ఎత్తు సుమారు 3,800 మీటర్లు. అంటే మన రాష్ట్రంలో ఎంత ఎత్తుకు ఎక్కి సాధన చేసినా అందులో సగానికి కూడా చేరలేం.

పైకి వెళ్లేకొద్దీ గాలిలో ప్రాణవాయువు శాతం తగ్గదు, గాలి ఒత్తిడి తగ్గుతుంది. 3,500 మీటర్ల వద్ద అది సముద్రమట్టంతో పోలిస్తే మూడింట రెండొంతులకు, 5,500 మీటర్ల వద్ద సగానికి పడిపోతుంది. ప్రతి శ్వాసకూ అందే ప్రాణవాయువు ఆ మేరకు తగ్గుతుంది. దేహం దీనికి అలవాటు పడగలదు, కానీ అందుకు రోజులు కావాలి. ఆ వ్యవధి ఇవ్వకుండా ఎక్కితే తలనొప్పి, వికారం, ఆకలి మందగించడం, నిద్ర పట్టకపోవడం వంటి లక్షణాలు మొదలవుతాయి. సాధారణంగా 2,500 మీటర్లు దాటాకే ఇవి కనిపిస్తాయి. అలక్ష్యం చేసి ఇంకా పైకి వెళితే ఊపిరితిత్తుల్లో నీరు చేరవచ్చు, మెదడు వాచవచ్చు. కూర్చున్నా ఆయాసం తగ్గకపోవడం, తూలుతూ నడవడం, మాట పొంతన లేకపోవడం కనిపిస్తే రాత్రయినా సరే వెంటనే కిందికి దించాలి. ఉదయం దాకా చూద్దామనుకోవడమే ప్రాణాంతకం.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. వ్యాయామం బాగా చేసినవారికి ఈ సమస్య రాదనుకుంటారు. కాలి సత్తువకూ, ఎత్తును తట్టుకునే గుణానికీ సంబంధం అంతంతమాత్రమే. పైగా దృఢంగా ఉన్న యువకులే అందరికంటే ముందు శిబిరానికి చేరాలన్న పంతంతో వేగంగా ఎక్కి, సాయంత్రానికి తల పట్టుకుని కూర్చుంటారు.

కాబట్టి యాత్ర కరపత్రంలో శిఖరం ఎత్తు కన్నా ముందు చూడాల్సింది ఏ రాత్రి ఏ ఎత్తులో నిద్రపోతారన్న వివరం. మూడు వేల మీటర్లు దాటాక నిద్రించే ఎత్తు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకూడదని, మూడు నాలుగు రోజులకోసారి విశ్రాంతి దినం ఉండాలని పర్వత వైద్య నిపుణుల సూచన. నేపాల్‌లోని ఎవరెస్టు బేస్ క్యాంపు (5,364 మీటర్లు) యాత్రలో నామ్చే వద్ద, డింగ్‌బోచే వద్ద ఒక్కో రోజు అదనంగా ఆగేది అందుకే. సెలవు సరిపోదని ఈ రోజులకే కత్తెర వేసే యాత్రలను పక్కన పెట్టడం మేలు. విమానంలో నేరుగా సుమారు 3,500 మీటర్ల ఎత్తులోని లేహ్‌లో దిగేవారు కనీసం రెండు రోజులు అక్కడే విశ్రమించాలి. ఎత్తు సమస్యకు వాడే ఎసిటజోలమైడ్ మాత్రను వైద్యుడిని అడిగే వాడాలి. సల్ఫా మందులు పడనివారు ఆ సంగతి ముందుగా చెప్పాలి.

మెట్ల దారిలో పరీక్ష

కాళ్ల సత్తా తెలుసుకోవడానికి మాత్రం మనవారికి ఎక్కడికో వెళ్లాల్సిన పనిలేదు. అలిపిరి నడకదారిలో 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు మార్గంలో 2,388 మెట్లు ఉన్నాయి. మొదటిది పొడవైనది, రెండోది నిటారైనది. అలిపిరి నుంచి పక్కవారితో మాట్లాడుతూ, రొప్పకుండా ఎక్కగలిగి, మర్నాడు మళ్లీ అంతే దూరం నడవగలిగితే తేలికపాటి యాత్రకు సిద్ధమైనట్లే. ఒక్కరోజు ఎక్కడం పరీక్ష కాదు. హిమాలయాల్లో అయిదారు రోజులు వరుసగా నడవాలి.

ఈ పరీక్షలో రెండు లోపాలు లేకపోలేదు. నడకదారి భక్తులు సామాను కిందే అప్పగించి ఖాళీ చేతులతో ఎక్కుతారు, దర్శనమయ్యాక ఎక్కువమంది బస్సులో దిగుతారు. ట్రెక్కింగ్‌లో ఎనిమిది, పది కిలోల సంచి వీపున ఉంటుంది, దిగడమూ కాళ్లతోనే. మోకాళ్లు మొరాయించేది దిగేటప్పుడే. పాదరక్షలు లేకుండా ఎక్కడం భక్తికి సంబంధించిన ఆచారం. బూట్లను అలవాటు చేసుకోవడానికి హార్స్‌లీ హిల్స్, తలకోన వంటి చోట్లు ఎంచుకోవచ్చు. కొత్త బూట్లతో నేరుగా మంచులో దిగితే రెండో రోజుకే పాదాలు బొబ్బలెక్కుతాయి.

రెండు నెలల ముందు నుంచి వారానికి నాలుగైదు రోజులు వేగంగా నడవడమో, పరుగెత్తడమో చేయాలి. వారాంతంలో ఒకసారి బరువుతో మెట్లు ఎక్కి దిగాలి. అయిదు కిలోమీటర్లను ఆగకుండా 35 నుంచి 40 నిమిషాల్లో పూర్తిచేయగలిగితే 4,000 మీటర్ల లోపు యాత్రల గురించి ఆలోచించవచ్చు. అంతకు మించిన ఎత్తులకు అనుభవం కూడా తోడవ్వాలి.

సాధన విలువ తెలియాలంటే నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామానికి చెందిన మాలావత్ పూర్ణను గుర్తు చేసుకోవాలి. 2014 మే 25న, పద్నాలుగేళ్లు నిండకముందే ఆమె ఎవరెస్టు ఎక్కారు. ఆ వార్త అందరికీ తెలుసు. అంతకుముందు భువనగిరి గుట్టపై, ఆపై డార్జిలింగ్, లడఖ్‌లలో సాగిన శిక్షణ గురించే అంతగా చెప్పుకోరు.

ఏ సెలవులకు ఏ దారి

వేసవి సెలవులు మనకు ఏప్రిల్ చివర మొదలై జూన్ రెండో వారం వరకు ఉంటాయి. కుటుంబంతో, మొదటిసారి వెళ్లేవారికి ఈ కాలం అనువైనది. ఉత్తరాఖండ్‌లోని హర్ కీ దూన్ లోయ (సుమారు 3,560 మీటర్లు) పల్లెలు, పైన్ వనాల మీదుగా నెమ్మదిగా ఎత్తు పెరిగే దారి. పశ్చిమబెంగాల్‌లోని సందక్‌ఫు (3,636 మీటర్లు) వద్ద ఏప్రిల్, మే నెలల్లో రోడోడెండ్రాన్ పూలు విరగబూస్తాయి. చోప్తా నుంచి తుంగనాథ్, చంద్రశిల వరకు వెళ్లిరావడం వ్యవధి తక్కువగా ఉన్నవారికి సరిపోతుంది. కాస్త గట్టివారు హిమాచల్‌లోని సార్ పాస్‌కు వెళ్లవచ్చు. యూత్ హాస్టల్స్ అసోసియేషన్ శిబిరాల పుణ్యమా అని ఆ పేరు మనవారికి కొత్త కాదు. అక్కడ మే నెలలోనూ మంచుపై నడవాల్సి ఉంటుంది.

జులై, ఆగస్టు నెలల్లో కొండచరియలు విరిగిపడతాయి, రహదారులు మూతపడతాయి. 2025 ఆగస్టు 5న ఉత్తరకాశీ జిల్లా ధరాలీని ముంచెత్తిన మెరుపు వరద వంటివి ఈ కాలంలోనే సంభవిస్తాయి. విచిత్రమేమంటే పూలలోయ అందాలు చూడాలంటే సరిగ్గా ఇవే రోజులు. జూన్ 1 నుంచి అక్టోబరు 31 వరకు తెరిచి ఉండే ఈ జాతీయ పార్కులో పూలు నిండుగా కనిపించేది జులై మధ్య నుంచి ఆగస్టు మధ్య వరకే. వెళ్లదలిస్తే చేతిలో రెండు రోజులు అదనంగా ఉంచుకోవాలి. వానల బెడద తక్కువగా ఉండాలంటే వర్షచ్ఛాయలో ఉన్న లడఖ్, స్పితి వైపు చూడాలి.

దసరా నుంచి దీపావళి వరకు ఉండే కాలాన్నే అత్యుత్తమంగా చెప్పాలి. ఋతుపవనాలు వెనుదిరిగాక ఆకాశం కడిగినట్లు ఉంటుంది, శిఖరాలు స్పష్టంగా కనిపిస్తాయి. సందక్‌ఫు, హర్ కీ దూన్, కువారీ పాస్ ఈ కాలంలోనూ అనుకూలమే. రెండు మూడు యాత్రల అనుభవం ఉన్నవారికి సిక్కింలోని గోచాలా దారి. అయితే ఈ కాలంలో బంగాళాఖాతంపైనా ఒక కన్ను వేసి ఉంచాలి. 2014 అక్టోబరు 12న విశాఖపట్నాన్ని అతలాకుతలం చేసిన హుద్‌హుద్ తుపాను బలహీనపడి ఉత్తరానికి సాగి, రెండు రోజుల తర్వాత నేపాల్‌లోని అన్నపూర్ణ ప్రాంతంలో భారీ మంచు కురిపించింది. థోరాంగ్ లా కనుమ పరిసరాల్లో 40 మందికి పైగా మరణించారు. మన తీరాన తుపాను హెచ్చరిక ఉంటే, హిమాలయాల్లో ఉన్న మనవారూ ఆ కబురు తెలుసుకోవాల్సిందే.

సంక్రాంతి సెలవులకు కేదార్‌కంఠ, బ్రహ్మతాల్ పేర్లు మారుమోగుతాయి. దారి నిడివిని బట్టి వీటిని సులభమైనవిగా చెబుతారు. కానీ రాత్రి ఉష్ణోగ్రత సున్నాకు పది డిగ్రీల దిగువకు కూడా పడిపోతుంది, నడక మంచులో సాగుతుంది. లంబసింగి చలికే వణికిపోయేవారు తొలి యాత్రకు చలికాలాన్ని ఎంచుకోకపోవడమే మంచిది. ముందు ఒక దసరాకు వెళ్లివచ్చి, ఆపై మంచు చూడవచ్చు. గడ్డకట్టిన జంస్కార్ నదిపై సాగే చాదర్ నడక గురించి కొత్తవారు ఆలోచించనే కూడదు.

వైద్య పరీక్ష తప్పనిసరి

నలభై ఏళ్లు దాటినవారు, రక్తపోటు, మధుమేహం, ఉబ్బసం, గుండె జబ్బులు ఉన్నవారు వైద్యుడి అనుమతి లేకుండా బయలుదేరకూడదు. రక్తహీనత ఉన్నదేమో చూపించుకోవాలి. మన్యం ప్రాంతాల వారు సికిల్ సెల్ పరీక్ష చేయించుకోవడం అవసరం. ఆ జబ్బు ఉన్నవారికే కాదు, పైకి ఏ లక్షణమూ లేకుండా ఆ జన్యువును మోస్తున్నవారికీ ఎత్తైన చోట ప్లీహం దెబ్బతినే ప్రమాదం ఉంది.

నిర్వాహకులను మొహమాటం లేకుండా అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. ఎంతమందికి ఒక గైడు? ప్రాణవాయువు సిలిండరు, పల్స్ ఆక్సిమీటరు వెంట ఉంటాయా? వాతావరణం అనుకూలించకపోతే వాడుకోవడానికి అదనపు రోజు ఉందా? ఒకరిని మధ్యలో దించాల్సి వస్తే తోడు ఎవరు వెళతారు? చివరి ప్రశ్నకు తడబడితే వేరొకరిని చూసుకోవాలి. పాత ఫొటోలు చూసి రూప్‌కుండ్ వంటి యాత్రలకు డబ్బు కట్టేముందు అటవీ శాఖ నిబంధనలు తెలుసుకోవాలి. పచ్చిక మైదానాల్లో రాత్రి బసను నిషేధిస్తూ 2018 ఆగస్టులో ఉత్తరాఖండ్ హైకోర్టు తీర్పు ఇచ్చాక పలు సంస్థలు ఆ యాత్రను మానుకున్నాయి.

దసరాకు వెళ్లదలచినవారు జులైలోనే సాధన మొదలుపెట్టాలి. రైలు టికెట్లు ప్రయాణానికి 60 రోజుల ముందు నుంచే దొరుకుతాయి. తిరుపతి నుంచి హజ్రత్ నిజాముద్దీన్‌కు సంపర్క్ క్రాంతి ఎక్స్‌ప్రెస్ ఉంది. ఢిల్లీ నుంచి డెహ్రాడూన్ చేరితే, హర్ కీ దూన్‌కు బయలుదేరే సాంక్రీ గ్రామానికి అక్కడి నుంచి కొండదారిలో ఒక పగలంతా ప్రయాణం.